చివరి గుడిసె నుంచి మొదలుపెట్టేవాళ్లం

ఈమధ్య సేవ చేసేవాళ్ల కంటే దాన్ని ఫోటో తీసేవాళ్లు ఎక్కువైపోయారు. ఒక్క అరటిపండుకి ఆరు చేతులు. పుచ్చుకునే ముసలమ్మ కొంగు సర్దుకుని, ఫోను వైపు మొహం పెట్టాలి. ఆవిడ అభిమానం సంగతి ఎవడికి పట్టింది?

మా రోజుల్లో ఇలా లేదండీ. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచేసింది. కాలేజీ కుర్రాళ్లం తువ్వాలొకటి భుజాన వేసుకుని అవనిగడ్డ చేరాం. ముక్కుకి నీలగిరి తైలం రాసిన గుడ్డ కట్టుకుని, తుమ్మకంపల్లో చిక్కుకున్న శవాలను బయటికి లాగాం. ఎవరిది ఏ కులమో ఎవరు పోల్చగలరు? అందరికీ ఒకటే చితి, ఒకటే కిరసనాయిలు. పొద్దుగూకాక ఒకే గాడిపొయ్యి మీద వండిన అన్నం, ఒకే బంతి. సొంత ఊళ్లో మాలపల్లె వైపు కన్నెత్తి చూడనివాళ్లు కూడా అక్కడ పక్కపక్కనే కూర్చుని తిన్నారు.

బియ్యం పంచేటప్పుడు మా జట్టు పెద్దాయన ఒక్కటే మాట అనేవాడు: ‘‘రోడ్డు పక్కన దింపకండ్రా. సముద్రం ఒడ్డున చివరి గుడిసె దగ్గర మొదలుపెట్టి వెనక్కి రండి.’’ మూటలు నెత్తిన పెట్టుకుని మోకాలి లోతు బురదలో నడిచాం. అలా నడిస్తేనే తెలిసింది, తాటాకు కొంపల్లోని కూలోళ్లూ జాలర్లే ఎందుకు అంతమంది పోయారో. పక్కా ఇళ్లు కావాలని, తుపాను షెల్టర్లు కావాలని గట్టిగా అడిగే నోరు అప్పుడే వచ్చింది. తరవాత కట్టారు కూడా.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు, పీకల్లోతు నీళ్లలో పాలప్యాకెట్లు మోసిన పిల్లలున్నారు. వాళ్లకి చేతులెత్తి మొక్కుతాను. నా బాధల్లా మెయిన్ రోడ్డు మీద లారీ ఆపి పొట్లాలు విసిరేవాళ్లతోనే. కండబలం ఉన్నవాడు ఐదు పట్టుకుపోతాడు. వెనక సందులో మేడ మీద చిక్కుకున్న బాలింతకి ఒక్కటీ అందదు. దాన్ని సేవ అంటే నేను ఒప్పుకోను.

అసలు సేవ నేర్పడానికే కాలేజీల్లో ఎన్.ఎస్.ఎస్. (జాతీయ సేవా పథకం) 1969లో పెట్టారు. రెండేళ్లలో 240 గంటలు పని చెయ్యాలి. ఇవాళ ఎన్నిచోట్ల ఆ గంటలు సంతకాలతోనే గడిచిపోతున్నాయో! పలుగు పట్టని చేతికి సర్టిఫికెట్టు ఎందుకు?

బాబూ, ఈసారి వరదకి వెళ్తే ఫోను జేబులో పెట్టండి. చివరి సందులోంచి మొదలుపెట్టండి. అక్కడి డ్రైనేజీ ఎవరు ఆక్రమించారో కనుక్కుని, నీళ్లు తీశాక కూడా ఆఫీసుల చుట్టూ తిరగండి.