బాధలకు మార్కులు

పరీక్షలలో మార్కులు రాక బాధపడినవారిని ఎల్లరము ఎరుగుదుముగాని, బాధలకే మార్కులు వేసినవారును లోకమున గలరు. అమెరికాలో హోమ్స్, రాహే అను ఇరువురు వైద్యులు 1967లో 43 జీవితసంఘటనలను వరుసగా పేర్చి, జీవితభాగస్వామి మరణమునకు 100, విడాకులకు 73, కారాగారవాసమునకు 63, వివాహమునకు 50 చొప్పున మార్కులు వేసి, ఏడాదిలో 300 దాటినవానికి జబ్బు చేయు భయము హెచ్చని తేల్చిరి. అందే విహారయాత్రకు 13 గలవు. కావున పెండ్లియాడి, వధూసమేతుడై ఊటీకి బయలుదేరిన వరుడు కారాగారమున కాలిడినవానితో సరిసమానుడగుచున్నాడు. ఈ కూడిక వారు చేసినది కాదు, నేను చేసినది. మా ఇంటిలో ఇంకను చెప్పలేదు.

రాయచెర్లులో మా మామకు మాత్రము చెప్పితిని. పావగడ తాలూకాలోని ఆ ఊరును, తిరుమణి, వళ్లూరు, బాలసముద్రము, క్యాతగానచెర్లు అను పొరుగూళ్లును తరతరములుగా వేరుసెనగ విత్తి మబ్బుల ముఖము చూచి బ్రతికినవి. అక్కడ 13,000 ఎకరాలలో 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్ కేంద్రము వెలసిన పిమ్మట, ఎకరమునకు ఏటికి 21,000 రూపాయలతో మొదలైన కౌలు, వాన వచ్చినను రాకున్నను, వచ్చుచున్నది. వృత్తి మారినందుకు 36, ఆర్థికస్థితి మారినందుకు 38 (బాగుపడినను అంతే, ఆ వైద్యులకు పక్షపాతము లేదు), వెరసి 74. భార్యకు విడాకులిచ్చినవానికంటె భూమిని కౌలుకిచ్చినవానికి ఒక మార్కు ఎక్కువ!

"మార్కులు సరే అల్లుడా, నిద్ర యాడ పడతాది?" అనెను మామ. పూర్వము బోరు మోటారుకు కరెంటు నడిరేయి వచ్చెడిది గనుక లేచి చేనికి పోవుట ఆయనకు అలవాటు. నేడు బోరు లేదు, మోటారు లేదు, పగలంతయు చేనినిండ కరెంటే పండుచున్నది. ఐనను ఆయన రెండు గంటలకు లేచి కూర్చుండును. పట్టికలో నిద్ర మారినందుకు 16 గలవుగాని, మారనందుకు ఏమియు లేవు.

అత్త దీనిని ఏలినాటి శనిగా నిర్ణయించి, శనివారము పావగడ శనైశ్చరాలయమున తైలదీపము పెట్టింపవలెననెను. పటియాలా వైద్యులు 1984లో మనవారికై కూర్చిన 51 సంఘటనల పట్టికలో తీర్థయాత్రకే 20 మార్కులున్నవని నేను చెప్పబోయి, అత్త చేతిలోని అట్లకాడను చూచి మానుకొంటిని.

నిజమునకు, కానర్, లాజరస్ ప్రభృతులు 1981లో చెప్పిన మాట నాకు మరింత నచ్చినది. ధరలు పెరుగుట, వస్తువును ఎక్కడనో పెట్టి మరచుట మొదలగు 117 చిల్లర చికాకులు పెద్ద సంఘటనలకంటె మనోవ్యథను మేలుగా పట్టి చూపునట. పులి తరిమినపుడు ఉబికెడి కార్టిసాల్ అను ఒత్తిడి హార్మోను పులి పోగానే తగ్గును. పహణి అను భూమిపత్రములో ఒక పేరు, ఆధారులో ఒక పేరు, బ్యాంకు పుస్తకములో వేరొక పేరు ఉన్నవానికి "సర్వర్ లేదు, రేపు రా" అను పులి నిత్యము ఎదురగుచుండగా అది తగ్గు తరుణమెక్కడిది? రక్తపుపోటు పెరుగును, రోగనిరోధకశక్తి సన్నగిల్లును.

మామ అంతయు విని, "28 ఏండ్లకు కౌలు తీరి భూమి మళ్లా చేతికొస్తాది గదా, అప్పుడు దాన్ని ఏం చేసుకోవాలని ఇప్పట్నుంచే దిగులుపడేదానికి ఎన్ని మార్కులు?" అనెను. పట్టికను పైనుండి క్రిందికి వెదకితిని. కారాగారమున్నది, క్రిస్మసున్నది, అది లేదు.