మంచుపెట్టె పద్యానికి శీతసంజీవనీ వ్యాఖ్య

అవతారిక

మెదక్ దగ్గరి కొల్చారం మనిషి మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్య రాసే ముందు ఒక ఒట్టు పెట్టుకున్నాడు. మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని. నేను అందులో మొదటి సగమే పెట్టుకుంటున్నాను. రెండో సగం కూడా పెట్టుకుంటే ఈ వ్యాఖ్య ఇక్కడితో సమాప్తం.

ఇక సందర్భం. మా మేనల్లుడు డాలస్‌లో ఉంటాడు. ఇంట్లోనే బీరు కాస్తాడు. కాచినదాన్ని సీసాలకెత్తడం విసుగు పుట్టి, ఐస్‌క్రీమ్ కొట్లలో ఉండే రకం, పైకి మూత తెరుచుకునే పెద్ద ఫ్రీజరొకటి కొని, మూతకూ ఒంటికీ మధ్య చెక్క చట్రం బిగించి, ఆ చట్రానికి మూడు ట్యాపులు పెట్టుకున్నాడు. తిప్పితే బీరు. ఆ పద్ధతంతా ఒక రాత్రి నాకు పదకొండు వాయిస్ మెసేజ్‌లుగా చెప్పాడు. "నీ దగ్గర కూడా ఒకటి పెట్టెయ్ మామయ్యా, డిసెంబరులో వస్తున్నా" అన్నది పదకొండోది. తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనవాడికి పదకొండు మెసేజ్‌లు గుర్తుండవు, పద్యం గుర్తుంటుంది. అందుకని వాటిని ఒక ఆటవెలదిగా గడ్డకట్టించాను. కవినీ నేనే, వ్యాఖ్యాతనూ నేనే కాబట్టి ఇకమీదట కవిగారిని మూడో మనిషిగానే చూస్తాను. ఆయన తప్పులతో నాకు సంబంధం లేదు.

మూలం

గోడ తొలచ వలదు; గొంతుకట్టు తొడుగు
మంచు పెట్టె మెడకు మధువు కొరకు;
నాల్గు డిగ్రి దాటి నడువనీకు చలిని;
గ్యాసు వదలి పట్టు గాజులోన.

ప్రతిపదార్థం

గోడ = ఫ్రీజరు పక్క రేకును; తొలచ వలదు = డ్రిల్లింగ్ మెషీన్ పెట్టి బొక్క చేయవద్దు; మధువు కొరకు = (దీని అర్థం తగవులో ఉంది, ముందు ముందు చూడుడు); మంచు పెట్టె = ఫ్రీజరు యొక్క; మెడకు = ఒంటికీ మూతకూ నడిమి సందుకు; గొంతుకట్టు = చెక్క కాలరును; తొడుగు = తొడుగుము; చలిని = చల్లదనమును; నాల్గు డిగ్రి దాటి = నాలుగు సెంటీగ్రేడు గీత దాటి కిందికి; నడువనీకు = పోనివ్వకుము; గ్యాసు = బొగ్గుపులుసు వాయువును; వదలి = పీపాలోకి విడిచి; గాజులోన = గ్లాసునందు; పట్టు = పట్టుము.

తాత్పర్యం

ఓయీ! ఫ్రీజరు గోడ జోలికి పోక, మూత కింద చెక్క చట్రం పెట్టి దానికి ట్యాపులు బిగించుకో. చలిని అదుపులో ఉంచు. గ్యాసు పట్టించి తాగు.

విశేషాలు

"గోడ తొలచ వలదు". నిషేధంతో మొదలయ్యే పద్యం అమంగళం కాదా అని ఒక ఆక్షేపం. కాదు. ఈ పద్యానికి ప్రాణం ఈ మూడు మాటల్లోనే ఉంది, మిగతాదంతా వడ్రంగం. మామూలు ఫ్రిజ్‌కు వెనక నల్లటి జాలీ కనిపిస్తుంది, వేడి అక్కణ్ణుంచి పోతుంది. మూత పైకి తెరుచుకునే ఫ్రీజరుకు ఆ జాలీ కనబడదు. చాలా పెట్టెల్లో లోపలి వేడిని బయటికి మోసే గొట్టాలూ, చలిని పుట్టించే గొట్టాలూ అన్నీ నాలుగు గోడల రేకుల వెనకే చుట్టుకుని ఉంటాయి. నడుస్తున్నప్పుడు పక్క రేకు మీద చెయ్యి వేస్తే వెచ్చగా తగిలేది అందుకే. ఎక్కడ తొలిచినా ఏ నరం తెగుతుందో చెప్పలేం.

కవిగారికి ఈ జ్ఞానం రెండో ఫ్రీజరు నాటికి కలిగింది. మొదటిది నాంపల్లి స్టేషను వెనక సందులో మూతపడ్డ ఒక ఐస్‌క్రీమ్ కొట్టుది. తెచ్చిన సాయంత్రమే ఆయన పక్క రేకుకు డ్రిల్లు పెట్టాడు. స్‌స్‌స్ మని చప్పుడైంది, తరవాత ఏ చప్పుడూ లేదు. మన వ్యాకరణంలో శ ష స హ లను ఊష్మాలంటారు, అంటే వేడి అక్షరాలు. ఆ సాయంత్రం విన్న సకారం మాత్రం చల్లగా ఉంది. కొత్తరకం పెట్టెల్లో ఐసోబ్యూటేన్ అని మండే గ్యాసు వాడతారు. ఇది పాత పెట్టె కాబట్టి కవిగారు వ్యాఖ్యాతగా మిగిలాడు.

పాఠాంతరం: శవాన్ని చూడటానికి వచ్చిన మెకానిక్ ఉస్తాద్ చెప్పిన పాఠం, "దీవార్ కో హాత్ నక్కో లగావ్ సాబ్, పూరీ కాయిల్ అందరిచ్ హై." ఇందులో "నక్కో" అన్నది "వలదు"కు దక్కనీ పర్యాయం. "అందరిచ్"లో చివరి "ఇచ్" మన ఏకారం లాంటిది, లోపల అని కాదు, లోపలే అని నొక్కడం. మూలంకన్నా ఈ పాఠమే ప్రౌఢంగా ఉంది. ఒక రోజు ముందు దొరకవలసింది.

"గొంతుకట్టు". కాలరుకు కవి కల్పించిన మాట. బలవంతపు బ్రాహ్మణార్థమని కొందరంటారు గానీ వస్తువును చూస్తే ఒప్పుకుంటారు. ఆరంగుళాల వెడల్పు పలకలు నాలుగింటిని చదరంగా బిగించి, ఫ్రీజరు అంచు మీద కూర్చోబెట్టి, పైన మూత తగిలిస్తారు. బెజ్జాలన్నీ చెక్కకే పడతాయి, రేకుకు గీత కూడా పడదు. ఎత్తు కూడా కలిసొస్తుంది. మేనల్లుడు వాడే పీపాలు ఒకప్పుడు అమెరికాలో కూల్‌డ్రింక్ పాకం పోసి పంపినవి, ఒక్కోటి పంతొమ్మిది లీటర్లు, రెండడుగులకు పైగా పొడవు. కాలరు లేకపోతే కొన్ని పెట్టెల్లో మూత పడదు.

ఒక సూక్ష్మం ఉంది. చల్లగాలి బరువు, అడుక్కు దిగుతుంది. మూత తీసినా ఈ పెట్టెలో చలి ఒలికిపోనిది అందుకే. నిలువు ఫ్రిజ్ తలుపు తీస్తే చలి కాళ్ల మీద పడి వెళ్లిపోతుంది. కానీ ఆ గుణమే ఇక్కడ దోషం కూడా: పీపా అడుగు వణుకుతుంటే పైన కాలరు దగ్గర ట్యాపు వెచ్చగా ఉంటుంది, మొదటి గ్లాసంతా నురగే. లోపల చిన్న ఫ్యాను ఒకటి పెట్టి గాలిని తిప్పాలి. కంప్యూటరు డబ్బాలోంచి పీకిన ఫ్యాను చాలు. చిరాగ్ అలీ లేన్‌లో అడిగితే దొరికింది.

"నాల్గు డిగ్రి దాటి నడువనీకు చలిని". డిగ్రీ చదివిన కవి డిగ్రీని డిగ్రిగా కుదించడం, నాలుగుంటే బహువచనం మరవడం, రెండూ గణాల కోసం చేసిన అపరాధాలు. శ్లేష మాత్రం అందంగా కుదిరింది. "నడువ నీకు" అని విరిస్తే చలి నీ కోసం నడుస్తుందని ఇంకో అర్థం. విషయానికొస్తే, ఫ్రీజరు పుట్టిందే మైనస్ పద్దెనిమిది కోసం. ఆ చలిలో పీపా పెడితే రెండు రోజులకు బండరాయి. నీళ్లు గడ్డకడితే వందకు తొమ్మిది వంతుల చొప్పున ఉబ్బుతాయి, ఇనుమైనా సర్దుకోవాల్సిందే. కాబట్టి దాని స్వభావాన్ని నిగ్రహించాలి. ఫ్రీజరు ప్లగ్గును నేరుగా గోడకు కాక ఒక కంట్రోలరుకు పెడతారు. దాని తీగ కొసన మొటిక లాంటి సెన్సరు ఉంటుంది. నాలుగుకు దిగగానే కరెంటు కోస్తుంది, ఆరుకు ఎక్కితే ఇస్తుంది. కోఠీ గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. ఆ మొటికను గాల్లో వేలాడదీయకూడదు, పీపాకు అతికించి పైన గుడ్డ చుట్టాలి. గాలి క్షణానికో మాట చెబుతుంది, పీపా ఆలోచించి చెబుతుంది. గాలి మాట నమ్మితే కంప్రెసరు గంటకు నలభైసార్లు లేచి కూర్చుని చస్తుంది.

ఈ పాదాన్ని హైదరాబాద్ చరిత్రతో కలిపి చదవాలి. మేముండే అబిడ్స్ నుంచి నడిచిపోయేంత దూరంలో మొజంజాహీ మార్కెట్ ఉంది, 1935లో కట్టింది. అక్కడి పాత ఐస్‌క్రీమ్ కొట్లది చెక్క తొట్టి పద్ధతి: డబ్బా చుట్టూ ఐసుముక్కలు వేసి ఉప్పు చల్లి చేత్తో తిప్పడం. ఉప్పు కలిసిన ఐసు సున్నాకు ఇరవై డిగ్రీల కిందికి కూడా దిగగలదు. అంటే ఈ పేట చలిని ఎటు లాగాలో ఎప్పుడో నేర్చుకుంది. ఎక్కడ ఆపాలో నేర్పడమే ఈ పద్యం కొత్తగా చేసిన పని.

"గ్యాసు వదలి". ఇక్కడ వదలి అంటే విడిచిపెట్టి అని అర్థం చెప్పి, గ్యాసు లేకుండానే పట్టిన పాఠకుడొకడున్నాడు (మా తోడల్లుడు). అది తప్పు. పీపాలోకి గ్యాసు వదిలి, చల్లగా ఒక వారం ఉంచితే ద్రవం దాన్ని తాగుతుంది. చల్లటి ద్రవం ఎక్కువ గ్యాసు పట్టుకుంటుంది, వేడెక్కితే కక్కేస్తుంది. బీరుకు పది పన్నెండు పౌండ్ల ఒత్తిడి చాలునని మేనల్లుడి మాట. సోడాకు ముప్పై దాటాలి. ట్యాపుకు పోయే సన్నగొట్టం రెండు మూడు మీటర్లు ఉంటే తప్ప ద్రవం శాంతించి రాదు. గొట్టం పొదుపు చేసిన రోజు కవిగారి పంచె తడిసింది. హాస్యం కాని మాట ఒకటి: ఈ గ్యాసు గాలికంటే బరువు. లీకైతే పెట్టె అడుగున నీళ్లలా నిలుస్తుంది. వాసన ఉండదు. మూత తీయగానే తల లోపలికి పెట్టి వెతక్కండి.

"మధువు". తగవంతా ఇక్కడే. మధువంటే బీరే కదా, మేనల్లుడు కాచేది బీరే కదా అని పూర్వపక్షం. డాలస్‌లో నిజమే. అమెరికాలో 1978 అక్టోబరు 14న కార్టర్ సంతకం పెట్టిన చట్టంతో ఇంట్లో కాచుకునే బీరుకు సమాఖ్య పన్ను పోయింది. ఒంటరి మనిషికి ఏడాదికి వంద గ్యాలన్లు, ఇంట్లో ఇద్దరు పెద్దలుంటే రెండు వందలు. అంటే ఏడు వందల యాభై లీటర్ల పైచిలుకు, పంతొమ్మిది లీటర్ల పీపాలు నలభై. అన్నీ తాగితే పద్యం రాయడానికి మనిషి మిగలడు.

ఇక్కడ 1968 నాటి ఎక్సైజ్ చట్టం ఉంది. లైసెన్సు లేకుండా మత్తుపానీయం తయారు చేయడం నేరం. మైక్రోబ్రూవరీలకు లైసెన్సులున్నాయి గానీ అవి వ్యాపారానికి, మా వసారాకు కాదు. ఆ చట్టాన్ని నడిపించే అబ్కారీ భవన్ నాంపల్లిలోనే ఉంది. తేడా వస్తే విచారించే క్రిమినల్ కోర్టులూ నాంపల్లిలోనే. మా ఇంటి నుంచి రెండింటికీ ఆటో అక్కర్లేదు. అబ్కారీ మాటకు వ్యుత్పత్తి: ఫారసీలో ఆబ్ అంటే నీళ్లు, కార్ అంటే పని. నీళ్లపని. నీళ్లతో చేసే పనులన్నిటిలోనూ దీనికే ఒక భవనం కట్టారు. 1995 జనవరి 16 నుంచి 1997 దాకా సంపూర్ణ మద్యనిషేధం నడిచిన రోజుల్లోనైతే ఈ పద్యాన్ని ఫోన్లో చదవడానికి కూడా కవి జంకేవాడు.

కనుక సిద్ధాంతం. అలంకారశాస్త్రంలో ముఖ్యార్థబాధ అని ఒకటుంది. మాటకున్న అసలు అర్థం కుదరక అడ్డు తగిలితే, దాన్ని వదిలి దగ్గరున్న ఇంకో అర్థం పట్టుకోవాలి. దాన్నే లక్షణ అంటారు. ఇక్కడ మధువు శబ్దానికి ముఖ్యార్థం బీరు. దానికి బాధ అబ్కారీ శాఖ. బాధ కలిగింది కాబట్టి, లేదా కలగకముందే, మధువనగా నిమ్మ సోడా అని లక్ష్యార్థం చెప్పుకున్నాను. లాక్షణికులు వెయ్యేళ్లుగా గంగ మీద పల్లె అనే ఉదాహరణే అరగదీస్తున్నారు. ఇకనుంచి దీన్ని వాడుకోవచ్చు.

మజ్జిగ అని ఇంకో అర్థం కూడా ప్రయత్నించాం. ఇరాన్‌లో దూగ్ అని గ్యాసు మజ్జిగ ఉంది, మన ఊళ్లో ఇరానీ చాయ్ కుదిరినప్పుడు అదెందుకు కుదరదని కవి వాదం. మా ఆవిడ తీర్పు: "ఆ పీపా మీరే తోముకోండి."

వ్యాకరణం

ఇలాంటి పెట్టెను అమెరికా వాళ్లు కీజరు అంటారట. కెగ్గు + ఫ్రీజరు = కీజరు. ఇది ఏ సంధి? 1858 నాటి చిన్నయసూరి బాలవ్యాకరణం తిరగేశాను (అబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న ప్రతి, సంధి పరిచ్ఛేదంలో రెండు పుటలు లేవు). ఉకారసంధి కాదు, ఉకారం తరవాత అచ్చు లేదు. గసడదవాదేశం కాదు, ఫకారం పరుషాల్లో లేదు. మొదటి పదంలో కకారం తప్ప అంతా లోపం, రెండో పదంలో ఫ్ర లోపం. ఇంత లోపం వ్యాకరణంలో చూడలేదు, మున్సిపల్ రోడ్లలోనే చూశాను. పోయిన రెండు పుటల్లో ఉందేమో.

మన పేట పేరే ఇంతకంటే వింత. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఉన్న అర్మేనియన్ ఆల్బర్ట్ అబిద్ కొట్టు పేరు మీద అబిడ్స్ అయింది. చివరి సకారం ఇంగ్లీషు షష్ఠీ విభక్తి, అబిద్ యొక్క అని. అంటే "అబిడ్స్‌లో ఉంటాను" అన్న ప్రతివాడూ "అబిద్ యొక్కలో ఉంటాను" అంటున్నాడు. కొట్టు పోయింది, విభక్తి మిగిలింది. ఇలాంటి చోట కీజరును తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు.

ఛందస్సు

ఆటవెలది. బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు; సరి పాదాల్లో అయిదూ సూర్యగణాలే. యతులు గో-గొ, మం-మ, నా-న, గ్యా-గా. నాలుగో పాదంలో సంయుక్తాక్షరానికి యతి వేసి కవి గట్టెక్కాడు.

ఉపసంహారం

డిసెంబరులో మేనల్లుడు రెండు పీపాలు సూట్‌కేసుల్లో పెట్టుకుని వచ్చాడు. రెండో ఫ్రీజరుకు కాలరు బిగించి ఉంచాను. ఒక ట్యాపులో నిమ్మ సోడా, ఇంకో దాంట్లో ఉత్త సోడా. వాడు ఒక గ్లాసు పట్టుకుని, తాగి, "ఉప్పు తక్కువైంది మామయ్యా" అన్నాడు. ట్యాపు బాగుందో లేదో చెప్పలేదు.

ఈ పద్యానికి వేరే పాఠాలు తెలిసిన పెద్దలు రాయగలరు. ఈ రకం పీపా మూతకు సరిపోయే రబ్బరు వాషరు ట్రూప్ బజారులో ఏ కొట్లో దొరుకుతుందో తెలిసినవారు ముందు రాయగలరు.