చవకగా పోర్షే కొనడమెలా?

అమెరికాలో ఉద్యోగం, ఇంటి ముందు వ్యాను, వ్యాను నిండా పిల్లల సాకర్ బూట్లు. నలభై దాటిన తెలుగు ఇంజనీరుకి ఇంకేం మిగిలింది? పోర్షే మిగిలింది. కొత్తదైతే ఇంటి అప్పుకి తోడు ఇంకో అప్పు. అందుకని పాత 944 కొనండి. 1982 నుంచి 1991 దాకా లక్షా 60 వేల పైచిలుకు చేశారు, ఇప్పటికీ దొరుకుతున్నాయి. 1983లో అక్కడ కొత్తదాని ధర దాదాపు 19 వేల డాలర్లు. ఇప్పుడు బాగా వాడేసినవి అంతకన్నా చాలా తక్కువకే వస్తాయి. కారు ధర పడిందంటే సామాన్ల ధర కూడా పడే ఉంటుంది. ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అన్న సామెత ఏనుగులకే వర్తిస్తుందని గట్టిగా నమ్మండి.

అది అసలు పోర్షేనే కాదని కొందరంటారు. దాని అన్న 924ని మొదట ఫోక్స్‌వాగన్ కోసం తయారుచేశారు, 944లని బిగించింది నెకర్‌సుల్మ్‌లోని ఆడి ఫ్యాక్టరీలో. బేరమాడేటప్పుడు ఆ మాట మీరే అనండి. సంతకాలయ్యాక మాత్రం, ఇంజను పోర్షే సొంతమనీ, మరో పోర్షే కారైన 928లోని ఎనిమిది సిలిండర్లలో సగం తీసుకుని చేసిందనీ అందరికీ చెప్పండి. రెండూ నిజమే.

కారు చూడ్డానికి చీకటిపడ్డాక వెళ్లండి, వాన పడుతుంటే మరీ మంచిది. మీరు వెళ్లేసరికి అమ్మేవాడు ఇంజను వేడిచేసి ఉంచితే అది మర్యాదగా భావించండి. చల్లటి ఇంజను స్టార్ట్ చేస్తేనే కదా పొగా చప్పుళ్లూ బయటపడేది! ఓడోమీటరు 98 వేల మైళ్ల దగ్గర ఆగి ఉందా? ఆ మీటర్లలో చిన్న ప్లాస్టిక్ పళ్లచక్రం విరగడం మామూలే. అది విరిగిన రోజు నుంచి కారుకి వయసు పెరగలేదని లెక్క. కూలెంట్ మూత తీసినప్పుడు లోపల పాలెక్కువైన టీ కనిపిస్తే మూత పెట్టేయండి. ఆయిల్ కూలరు సీళ్లు పోయి నూనె నీళ్లలో కలిసిందని పుల్లవిరుపుగాళ్లు చెబుతారు. కొనేముందు మెకానిక్కుకి చూపించమనేది కూడా వాళ్లే.

ఇక బెల్టు. "టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారు?" అని అడిగి పెద్దమనిషిని నొప్పించకండి. అడిగినా ఆయన దగ్గర జవాబుంది: "ముందు ఓనరు మార్చానన్నాడు." ఆ ముందు ఓనరుకి వాడి ముందు ఓనరు కూడా అదే చెప్పి ఉంటాడు. వంశపారంపర్యంగా వస్తున్న మాట, మీ చేతుల్లో ఆగిపోకూడదు. ఈ ఇంజనులో కామ్‌షాఫ్టుని తిప్పేది ఒక రబ్బరు బెల్టు. అది తెగితే కామ్‌షాఫ్టు ఆగుతుంది, పిస్టన్లు ఆగవు. తెరుచుకుని ఉండిపోయిన వాల్వులని కిందనుంచి గుద్దుతాయి, వాల్వులు వంగుతాయి, హెడ్డు విప్పాలి. పక్కనే వణుకు తగ్గించే బాలెన్స్ షాఫ్టులకి ఇంకో బెల్టు ఉంది. అది తెగి పెద్దదాంట్లో చిక్కుకున్నా అదే గతి. రబ్బరు మైళ్లతో పాటు ఏళ్లు కూడా లెక్కపెట్టుకుంటుంది. అయినా సరే, "పదేళ్లుగా గరాజులోంచి కదల్లేదండీ" అని అమ్మేవాడు చెబితే సంతోషించండి.

మార్చక తప్పదనుకుంటే బెల్టు ఒక్కటే మార్పించండి. వాటర్ పంపుని తిప్పేది కూడా ఆ బెల్టే కాబట్టి, "ఎలాగూ విప్పాం కదా, పంపూ రోలర్లూ సీళ్లూ కూడా వేసేద్దాం" అంటాడు మెకానిక్కు. అతని కూతురి కాలేజీ ఫీజు మీ నెత్తిన రుద్దుతున్నాడని గ్రహించండి. పంపు కారడం మొదలెట్టాక ఆ పనంతా మళ్లీ మొదట్నుంచీ చేయించవచ్చు. బెల్టు బిగువు కొలవడానికి పోర్షే ప్రత్యేకంగా ఓ పనిముట్టు చేయించింది. మీకెందుకు? బొటనవేలుంది.

క్లచ్ గురించి ఒక్క ముక్క. బరువు సమంగా ఉండాలని ఇంజను ముందూ గేరుబాక్సు వెనకా పెట్టి, మధ్యలో టార్క్ ట్యూబు వేశారు. మలుపుల్లో కారు అంత బాగా పోవడానికి కారణం అదే, నిజంగానే బాగా పోతుంది. క్లచ్ మాత్రం ఇంజను దగ్గరే ఉండిపోయింది. దాన్ని అందుకోవాలంటే సైలెన్సరు పైపు దించాలి, గేరుబాక్సు దించాలి, ట్యూబు వెనక్కి లాగాలి. క్లచ్ ప్లేటు నడుమ రబ్బరు ఉన్న కార్లలో ఆ రబ్బరు ముసలిదై చినుగుతుంది. కాబట్టి ఆ చప్పుడు వినపడకుండా టెస్ట్ డ్రైవ్‌లో రేడియో గట్టిగా పెట్టుకోండి.

మంచిరోజు చూసి గుడికి తీసుకెళ్లి వాహన పూజ చేయించండి. నిమ్మకాయలు తొక్కించే సమయానికి కారు స్టార్ట్ కాకపోవచ్చు. అగ్గిపెట్టెంత ఉండే డీఎంఈ రిలే లోపల సోల్డరు పగిలితే పెట్రోలు పంపుకి కరెంటు అందదు. ఈ కారు సంగతి తెలిసినవాళ్లు ఓ రిలే అదనంగా గ్లవ్ బాక్సులో పడేసుకుంటారు. మీరు నలుగురు బంధువులని పడేసుకోండి. తోస్తారు, ఫొటోలు తీస్తారు, "బావగారూ, హోండా కొనాల్సింది" అని వెళ్లిపోతారు.

ఖర్చు సంగతి ఇంట్లో ఒకేసారి చెప్పకండి. రసీదులు ఆఫీసు సొరుగులో దాచండి, కూడకండి. బెల్టులూ పంపూ క్లచ్చూ సీళ్లూ అన్నీ అయిపోయి, పొద్దున్నే ఒక్క తిప్పుకి స్టార్టయి, కింద చుక్క నూనె కారకుండా రోజూ ఆఫీసుకి తీసుకెళ్లి తీసుకొచ్చే స్థితికి కారు వచ్చిందా? ఇక దాంతో ఏమీ పని లేదు. ఆ వారమే సగం ధరకి అమ్మేయండి. బెల్టు ఎప్పుడు మార్చారని కొనేవాడు అడిగితే రసీదు చూపించండి. ఎలాగూ నమ్మడు.