బ్యాటరీకి చలేసిందండి

మా ఎర్ర ట్రాక్టరుకి ఏడాది మొత్తం మీద ఉద్యోగం ఒక్కరోజే. కనుమ నాడు మా ఇంటిల్లిపాదినీ, వీధిలో ఖాళీగా కనపడ్డవాళ్ళనీ ట్రక్కులో ఎక్కించుకుని జగ్గన్నతోట ప్రభల తీర్థానికి తీసుకెళ్ళాలి. మిగతా 364 రోజులూ మకాంలో విశ్రాంతి. దమ్ములూ అవీ కొత్త ట్రాక్టర్లు చూసుకుంటాయి. అమ్మేయొచ్చు కదా అని అడిగినవాళ్ళున్నారు. అది నాన్నగారు కొన్నది. ఆయన పడక్కుర్చీని మేం అమ్మలేదు, దీన్నెలా అమ్ముతాం?

చిక్కల్లా ఆ ఒక్కరోజు ముందే. ధనుర్మాసం పట్టిందంటే చాలు, దాని సెల్ఫ్ ఎత్తదు. తాళం తిప్పితే 'టక్' అని ఒకే ఒక్క చప్పుడు. మధ్యాహ్నం నిద్రలో ఉన్న పెద్దమనిషిని లేపితే విసుగ్గా నాలిక చప్పరించినట్టు ఉంటుంది.

మెకానిక్ వచ్చి, బానెట్ ఎత్తి, కాసేపు మౌనం పాటించి, "ఆయ్, బ్యాటరీకి చలేసిందండి" అన్నాడు.

నమ్మాను. కోనసీమలో చలికాలం వచ్చిందని చెప్పేది థర్మామీటరు కాదు, కొబ్బరినూనె సీసా. ఉష్ణోగ్రత ఇరవై నాలుగుకి దిగేసరికి సీసాలో నూనె పేరుకుంటుంది. మేం మఫ్లర్లు తీస్తాం. పద్దెనిమిదికి దిగితే మంకీ టోపీలు. ఆ లెక్కన బ్యాటరీకి గోనెసంచి కప్పడం నా ధర్మం అనిపించింది. కప్పాను.

మిన్నెసోటాలో ఉన్న మా బావకి ఫోన్లో ఈ మాట చెప్తే ఆయన చాలాసేపు నవ్వాడు. అక్కడ మైనస్ పాతిక రోజులుంటాయిట. ఛార్జింగు దిగిపోయిన బ్యాటరీ మైనస్ పది దగ్గరే గడ్డకట్టి పగుల్తుందిట. నిండుగా ఉన్నదైతే మైనస్ యాభైలో కూడా చెక్కుచెదరదుట. "అసలు బ్యాటరీ ఆయుష్షు తినేసేది ఎండరా. మీ డిసెంబరు దానికి ఊటీ. దుప్పటి తీసేసి, ఛార్జింగు చూసుకో" అన్నాడు.

ఛార్జింగు చూసుకోవడం మొదలెట్టాను. ఊళ్ళో తెలిసిపోయింది. కోనసీమలో సలహాకీ కొబ్బరికాయకీ కరువుండదు.

మొదటి సలహా: రోజూ అయిదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయండి. చేశాను. సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ అది బ్యాటరీ నుంచి వందల ఆంపియర్లు లాగేస్తుంది. పాతకాలం డైనమో, ఇంజను నెమ్మదిగా ఆడుతున్నప్పుడు తిరిగి ఇచ్చేది దాదాపు సున్నా. పది రూపాయలు అప్పు తెచ్చి రోజుకో పైసా తీర్చడం లాంటి వ్యవహారం. నాలుగోరోజుకి దివాలా.

రెండో సలహా మా పక్కచేను బాబాయిది. "డిస్టిల్ వాటర్ కొనడమేంట్రా, చెట్టునిండా దేవుడు సీలేసి ఇచ్చిన నీళ్ళు పెట్టుకుని? రెండు బొండాలు కొట్టి పొయ్యి." కొబ్బరినీళ్ళలో ఉండే లవణాలు మనిషికి బలం గానీ సీసం పలకలకి విషం అని చెప్తే, "మనిషికి మంచిది మిషనుకి చెడ్డదెలాగవుద్దిరా?" అన్నాడు. ఈ ప్రశ్నకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

మూడోది: పల్లంలో పెట్టి దొర్లించండి. వేరే జిల్లాల్లో ఇది దివ్యమైన ఉపాయం. గోదారి వండు పరిచిన మా నేలలో పల్లం ఎక్కడుంది? ఉన్నదల్లా కాలవ గట్టు. అక్కడినుంచి దొర్లిస్తే ఒకవైపు మకాం, రెండోవైపు కాలవ. ఇంజను అందుకుంది. నా గుండె మాత్రం గట్టుమీదే ఉండిపోయింది.

ఇక మిగిలింది అసలు దారి, అమలాపురంలో ఛార్జింగు కొట్టు. బ్యాటరీని మోపెడ్ మీద కాళ్ళ మధ్య పెట్టుకుని వెళ్ళాను. రాత్రంతా ఉంచి పొద్దున్న మీటరు పెడితే 12.6 వోల్టులు. పూర్ణగర్భం. ఇంటికొచ్చాను. వారం తర్వాత పంచె చాకలికి వేస్తే జల్లెడ తిరిగొచ్చింది. యాసిడ్ చుక్క పడినప్పుడు ఏమీ అనదు, ఉతికాక లెక్క చెప్తుంది. పదోరోజుకి బ్యాటరీ 11.8కి దిగింది. మళ్ళీ మోపెడ్, మళ్ళీ కొట్టు, ఇంకో పంచె.

సీసం పలకలూ, గంధకామ్లమూ కలిపి ఈ బ్యాటరీని ఫ్రాన్సులో ప్లాంటే కనిపెట్టింది 1859లో. మన దేశంలో తయారైన తొలి ట్రాక్టరు ఫరీదాబాదులో ఐషర్ వాళ్ళ దగ్గర్నుంచి బయటికొచ్చింది 1959లో. సరిగ్గా నూరేళ్ళ తేడా. ఇంత వయసు తేడా ఉన్న జంటని ఒకే మకాంలో పెట్టి అన్యోన్యంగా ఉండమంటే ఎలా అని నన్ను నేను సముదాయించుకుని, కొత్త బ్యాటరీ కొన్నాను. 88 ఆంపియర్ అవర్లది. పదిరోజుల్లో అదీ 'టక్' అంది.

అప్పుడు వచ్చాడు పాలిటెక్నిక్ చదివే మా మేనల్లుడు. "మావయ్యా, అన్నీ ఆపేసే ఉన్నాయా?" అని అడిగి, నెగటివ్ తీగ విప్పి, మధ్యలో మీటరు పెట్టాడు. అన్నీ ఆపేసిన ట్రాక్టరు 200 మిల్లీ ఆంపియర్లు తాగుతోంది! అంటే రోజుకి అయిదు ఆంపియర్ అవర్లు. పదిరోజుల్లో సగం బ్యాటరీ పైన స్వాహా. లైట్ల తీగ పీకాడు, తగ్గలేదు. హారన్ తీగ పీకాడు, తగ్గలేదు. ఆఖర్ని మీటర్ల పలక కింద ఒక సన్నటి ఎర్రతీగ దొరికింది. దాన్ని పట్టుకుని పైకెళ్తే ఏడుకొండలవాడు.

నాన్నగారు పెట్టుకున్న చిన్న పటం. చుట్టూ మినుకు మినుకు బల్బులు. ఏడాదంతా ఆర్పే ఉంటాయి. నెల పట్టిన రోజున అమ్మ వచ్చి పటం తుడిచి, పూలు పెట్టి, స్విచ్ వేసి వెళ్తుంది. సంక్రాంతి వెళ్ళాక ఆర్పుతుంది. మధ్యలో ముప్ఫై రోజులు, రాత్రింబవళ్ళు అఖండదీపం. నేను ఇన్నాళ్ళూ చలి అనుకున్నది భక్తి.

ఆర్పేద్దామమ్మా అంటే, "మీ నాన్నగారు ఏ ఏడూ మానలేదు. నువ్వు మానిపిస్తావా?" అంది. నాన్నగారి హయాంలో ట్రాక్టరు రోజూ పనిలోకి వెళ్ళేది, తాగింది తాగినట్టు నిండేది. పని మానేసి భక్తి ఒక్కటే మిగుల్చుకున్నది మేమే. ఈ మాట అమ్మతో ఎలా చెప్పను? చివరికి శాస్త్రం వదిలి సంప్రదాయంలో పడ్డాను. "తిరుమలలో కూడా స్వామికి పవళింపు సేవ ఉంటుంది కదమ్మా. మనం మాత్రం ఆయన్ని నిద్రపోనివ్వకపోతే ఎలా?"

అమ్మ ఆలోచించింది. రాజీ కుదిరింది. పొద్దున్న గంట, సాయంత్రం గంట దర్శనం. తర్వాత నెగటివ్ తీగ విప్పేస్తే పవళింపు. లెక్క వేస్తే రోజుకి అర ఆంపియర్ అవర్ కూడా కాదు. "కానీ వేళ తప్పకూడదు. సేవ నీదే" అంది.

ఆ రోజునుంచి నేను అర్చకుణ్ణి. తెల్లవారుజామున అయిదింటికి, మంచులో, చేత్తో స్పానర్ పుచ్చుకుని మకాంకి వెళ్ళడం, తీగ బిగించి మేలుకొలపడం. సాయంత్రం మళ్ళీ అదే తంతు.

ఈ కనుమకి తాళం తిప్పీ తిప్పగానే ఇంజను లేచింది. 2023 రిపబ్లిక్ డే కవాతులో ఢిల్లీ చూసిన మా ప్రభల్ని జగ్గన్నతోటలో మళ్ళీ చూశాం. పదకొండు ఊళ్ళ రుద్రులు ప్రభల మీద కొలువు తీరతారక్కడ. గంగలకుర్రు వాళ్ళ ప్రభలు చేలల్లోంచి, కౌశిక నదిలో దిగి, మనుషుల భుజాల మీదే వస్తాయి. బ్యాటరీ ప్రసక్తే లేదు.

నేను మాత్రం ట్రక్కులో ఓ మూల ముడుచుకు పడుకున్నాను. జలుబు, దగ్గు, నూటొకటి జ్వరం. మేనల్లుడు తోలుతున్నాడు. పక్కన కూర్చున్న మెకానిక్ నా నుదురు పట్టుకు చూసి, కాసేపు మౌనం పాటించి, "ఆయ్, తమకి చలేసిందండి" అన్నాడు. బ్యాటరీ మీంచి తీసేసిన గోనెసంచి తెచ్చి నాకు కప్పాడు.