షుగరు దినానికి కేకు!

నవంబరు 14 ప్రపంచ మధుమేహ దినం. ఇన్సులిన్ కనిపెట్టినవారిలో ఒకరైన బాంటింగ్ పుట్టినరోజు. పుట్టినరోజన్నాక కేకు ఉండొద్దూ? అందుకే హైటెక్ ఆఫీసులో నీలం బెలూన్లు కట్టి, నీలం క్రీము పూసిన కేకు కోశారు. 'మీ ఆరోగ్యమే మా ఆస్తి' అని హెచ్చార్ మేడమ్ స్లైడు వేశారు. చప్పట్లు.

మర్నాడు టైప్-1 షుగరున్న కుర్రాడు, 'వేళకు తినాలి సార్, ఒంటిగంట మీటింగు అరగంట జరుపుతారా?' అన్నాడు. మేనేజరుగారి మొహం మాడింది. 'ఈ వయసులో నీకు షుగరేంటయ్యా? మా మావయ్య కాకరకాయ రసంతో తగ్గించేసుకున్నాడు!' అరగంట దొరకదు గానీ వైద్యం ఉచితం. పాంక్రియాస్ ఇన్సులిన్ తయారుచేయడం మానేస్తే కాకర ఏం చేస్తుందో మావయ్యగారే చెప్పాలి. ఇంజెక్షను వేసుకోవడానికి చోటడిగితే బాత్రూము చూపించారు. ధ్యానం గది ఉంది, కానీ అది క్లయింట్లు వచ్చినప్పుడు చూపించడానికట.

డయాలసిస్ చేయించుకునే ఉద్యోగి పాట్లు వేరు. సాధారణంగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. ఇంటినుంచి పనిచేస్తానంటే 'టీమ్ స్పిరిట్' దెబ్బతింటుందట.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. తలసేమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ చేరాయి. షుగరు పేరు లేదు. కాబట్టి కుర్రాడి భోజనం ప్రస్తుతానికి మేనేజరుగారి దయ. అయ్యా, మీటింగు జరపడానికి పార్లమెంటు అక్కర్లేదు, క్యాలెండరు తెరిస్తే చాలు!