వాడితే పాడవుతుందట!

డబ్బుకు దానం, భోగం, నాశం అని మూడే దారులున్నాయన్నాడు భర్తృహరి. పాపం, ఆయన కాలానికి ఇనప బీరువా పుట్టలేదు. పుట్టి ఉంటే నాలుగో దారి కూడా చెప్పి ఉండేవాడు. అది దానం కాదు, ఎవరికీ ఇవ్వం గనక. భోగం కాదు, మనమూ ముట్టుకోం గనక. నాశమూ కాదు, కనీసం మన కళ్లెదుట కాదు. దాని పేరు దాపుడు. ఈ విద్యలో తెలుగు మధ్యతరగతితో పోటీకి దిగదలచినవాళ్లెవరైనా ఉంటే ముందుగా రెండు కిలోల కలరా ఉండలు కొనుక్కుని రావాలి.

ఈ శాస్త్రానికి మూలసూత్రం ఒక్కటే: వాడితే పాడవుతుంది. దానికో ఉపసూత్రం: మంచిదైతే అసలే వాడకూడదు. ఈ రెండూ కలిసి ఇంట్లో సామాన్లకు కులాలు ఏర్పరిచాయి. సొట్టపడిన స్టీలు కంచం రోజుకు మూడు పూటలా చాకిరీ చేస్తుంది. పూలపూల డిన్నర్ సెట్టు షోకేసులో కూర్చుని అద్దంలోంచి దాన్ని చూస్తుంది. పోగులూడిన తువ్వాలు ఒళ్లు తుడుస్తుంది. పెళ్లిలో ఎవరో ఇచ్చిన మెత్తటి టర్కీ తువ్వాలు అట్టపెట్టెలోనే రిటైరవుతుంది. రిమోటుకు తొడిగిన ప్లాస్టిక్ కవరు మసకబారి, అంకెలు కనపడక, ఏ చానలొస్తే ఆ చానలే చూసే కుటుంబాలున్నాయి. టీవీ కాలిపోతుంది, రిమోటు మాత్రం నవనవలాడుతూ ఉంటుంది.

షోకేసులో మరి కొంతమంది ఖైదీలున్నారు. కొండపల్లిలో తెల్లపొణికి కర్ర చెక్కి ఎడ్లబండి చేస్తారు. ఏటికొప్పాకలో అంకుడు కర్రను తిప్పి, లక్కలో చెట్ల రంగులు కలిపి పూసి బొంగరం చేస్తారు. చేసినవాడు పిల్లలు ఆడుకుంటారనే చేశాడు. మనం తెచ్చి అద్దం వెనక పెట్టి తాళం వేస్తాం. మనవడు వేలు చూపిస్తే చాలు, "ముట్టుకోకు, విరుగుతుంది" అని ఇల్లదిరేలా అరుస్తాం. వాడు బుద్ధిగా సెల్‌ఫోను తీసుకుంటాడు. అప్పుడు, "ఈ కాలం పిల్లలకు మన బొమ్మలంటే ప్రేమ లేదు" అని వాట్సాప్‌లో కన్నీరు కారుస్తాం.

అదే అరలో రాజమండ్రి రత్నం పెన్ను ఒకటుంటుంది. స్వదేశీ పెన్ను కావాలన్న గాంధీగారి మాట పట్టుకుని రత్నంగారు తయారుచేసి పంపిస్తే, ఆయన దాంతో రాసి చూసి, బావుందని 1935లో ఉత్తరం రాశారు. మహాత్ముడంతటివాడే మూత తీసి వాడిన పెన్ను అది. మన పెదనాన్నగారు మాత్రం పదవీ విరమణ సన్మానంలో వచ్చిన దాన్ని పదిలంగా దాచి, పెన్షను కాగితం మీద బ్యాంకు గుమాస్తా దగ్గర అరువడిగిన బాల్‌పెన్నుతో సంతకం చేస్తారు.

ఇక పట్టుచీర సంగతి. దాన్ని కట్టకుండా ఉండటానికి వయసుకో కారణం సిద్ధంగా ఉంటుంది. పాతికేళ్లప్పుడు చంటిపిల్ల చంకలో ఉంది, మరకలవుతాయి. నలభైలో ఫలానావాళ్ల పెళ్లికి కడదామనుకున్నాంగానీ, అక్కడ ఎండ. యాభైలో పెద్దమ్మాయి పెళ్లి కోసం ఉంచాం. తీరా ఆ పెళ్లికి కొత్తది కొన్నాం, ఇది పాతబడిందని! అరవై వచ్చాక, "అంత బరువు చీర ఇప్పుడు మొయ్యలేనమ్మా, నడుం పట్టేస్తుంది" అంటాం. ముప్ఫై అయిదేళ్లలో ఆ చీర ఒంటిమీద గడిపిన కాలం కంటే ఎండలో ఆరబెట్టిన కాలమే ఎక్కువ.

పోనీ దాచినందుకు క్షేమంగా ఉందా? అసలు జరీ అంటే పట్టుదారం మీద వెండి తీగ చుట్టి, బంగారు పూత పూసింది. గాలి తగలని చోట, అందులోనూ కలరా ఉండల సావాసంలో పెడితే నల్లబడుతుందని చీరల కొట్టువాళ్లు మొత్తుకుంటూనే ఉంటారు. ఒకే మడత మీద ఏళ్ల తరబడి ఉంచితే పట్టు సరిగ్గా ఆ మడత దగ్గరే చిట్లుతుంది. వెండి కంచమూ అంతే. గాలిలోని గంధకం తగిలి దానికి నలుపెక్కుతుంది. రోజూ తిని, కడిగి, తుడిచే కంచం తెల్లగా ఉంటుంది. షష్టిపూర్తికి కొని గుడ్డలో చుట్టిన కంచం సహస్ర చంద్ర దర్శనం నాటికి ఇనప మూకుడు రంగుకు తిరుగుతుంది. వాడితే పాడవుతుందన్న సూత్రం ఇక్కడ తిరగబడింది. శాస్త్రజ్ఞులం గనక మనం సూత్రాన్ని మార్చం, ఇంకో గుడ్డ చుడతాం.

ఆ చీర చివరి అంకం మరీ రమ్యం. వీధిలోకి "పాత జరీచీరలు కొంటాం" అంటూ ఒకాయన వస్తాడు. ఆయనకు చీరతో పనిలేదు, కాల్చి వెండి తీసుకుంటాడు. ఆ చీర ఇంతకుముందు చూసిన నిప్పు పెళ్లి హోమం ఒక్కటే. లేదా పాత బట్టలకు స్టీలు సామానిచ్చే ఆవిడ వస్తుంది. పెళ్లినాటి చీర వెళ్లి ఒక స్టీలు డబ్బా ఇంట్లోకొస్తుంది. డబ్బా కొత్తది కదా, తళతళలాడుతుంది కదా. అటకెక్కుతుంది!

మన అమ్మల తరం దాచిందంటే అర్థముంది. సంక్రాంతికో జత, దసరాకో జత. పంచదారకు రేషను షాపు ముందు వరస, గ్యాసు పొయ్యికి, టెలిఫోనుకు ఏళ్ల తరబడి ఎదురుచూపు. చిరిగితే ఇంకోటి వస్తుందన్న భరోసా లేని రోజుల్లో దాపుడు తెలివైన పనే. ఆ లేమి చాలా ఇళ్లలో పోయింది. భయం మాత్రం బీరువా తాళంచెవితో పాటు కోడలి కొంగుకు చేరింది. ఇవాళ ఆ కోడలు ఒక చీర దాచి, దాని మీద మరో ఇరవై కొని, ఇరవై ఒక్కటీ దాస్తోంది.

అసలు ఈ విద్యకు పీఠం హైదరాబాదు పాతబస్తీలో ఉంది. 2018 సెప్టెంబరులో పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలోకి ఇద్దరు దొంగలు దిగి, రత్నాలు పొదిగిన మూడు అరల బంగారు టిఫిన్ బాక్సు, కప్పూ సాసరూ, చెంచా పట్టుకుపోయారు. కొద్దిరోజుల్లోనే పట్టుబడ్డారు. ఈలోగా వారిలో ఒకడు ఆ టిఫిన్ బాక్సులోనే భోంచేశాడని పోలీసులు చెప్పారు. నిజాం బహుశా అందులో ఎన్నడూ తిని ఉండడని కూడా వాళ్లే అన్నారు. ప్రపంచంలోకెల్లా ధనవంతుడని పేరుపడ్డ ఏలిక చేయని పనిని ఒక చిల్లర దొంగ చేసి జైలుకెళ్లాడు. చట్టం ప్రకారం ఆ పెట్టె ఎవరిదో కోర్టు చెబుతుంది. అన్నం మెతుకుల్ని సాక్ష్యం అడిగితే మాత్రం దొంగ పేరే చెబుతాయి.

ఆ ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్‌కు పిసినారి అని పేరు. అయినా ఒక్క విషయంలో ఆయనకు దండం పెట్టాలి. సుమారు 185 క్యారట్ల జాకబ్ వజ్రాన్ని ఆయన కాగితాలు ఎగరకుండా బరువుగా పెట్టుకున్నాడు. మనమైతే దానికి వెల్వెట్ పెట్టె, పెట్టెకు ప్లాస్టిక్ కవరు, కవరుకు రబ్బరుబ్యాండు వేసి ఉండేవాళ్లం. 1995లో భారత ప్రభుత్వం ఆ వజ్రంతో సహా 173 నిజాం ఆభరణాలను 218 కోట్లు పోసి కొంది. కొని ఏం చేసింది? రిజర్వు బ్యాంకు ఖజానాలో పెట్టింది. 2001లో, 2006లో సాలార్‌జంగ్ మ్యూజియానికి తెచ్చి చూపించి, మళ్లీ లోపల పెట్టి తాళం వేసింది. శ్రావణ శుక్రవారం తీసి, శనివారం లోపల పెట్టే మన పెద్దమ్మ పద్ధతి ఢిల్లీ దాకా పాకిందని గర్వపడాలి.

మన స్థాయి ఖజానా బ్యాంకు లాకరు. కాసులపేరు, చంద్రహారం, వడ్డాణం అక్కడుంటాయి. పెళ్లికి మాత్రం వన్ గ్రామ్ గోల్డు నెక్లెసు వేసుకెళతాం. అసలుకు అద్దె కట్టి, నకిలీకి మెడనిచ్చే ఈ ఏర్పాటు ఏ ఆర్థికవేత్తకూ కొరుకుడుపడదు. 2022 జనవరి నుంచి అమలైన రిజర్వు బ్యాంకు నిబంధనలు చదివితే సరదా ఇంకా పెరుగుతుంది. అగ్నిప్రమాదం, దొంగతనం, ఉద్యోగుల మోసం వంటివి జరిగితే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు వందరెట్ల వరకే. ఏడాదికి 3,000 కట్టేవారికి 3 లక్షలన్నమాట. ఆ డబ్బుతో మళ్లీ వడ్డాణం చేయించుకోండి చూద్దాం. ఏడేళ్లు లాకరు తెరవకపోతే, అద్దె సక్రమంగా కడుతున్నా సరే, మనిషి ఆచూకీ దొరక్కపోతే లోపలి సొత్తును నామినీకో వారసులకో అప్పగించొచ్చు. అంటే ఏడేళ్లు నగ ముట్టనివాడు అసలు ఉన్నాడా, పోయాడా అని రిజర్వు బ్యాంకుకే అనుమానం వస్తుంది. మనకే ఇంకా రాలేదు.

"మా కోసమా? పిల్లల కోసమే కదా" అన్నది ఆఖరి అస్త్రం. పిల్ల డాలస్‌లో ఉంది. విమానంలో పెట్టెకు 23 కిలోలు. అందులో ఆవకాయ, గోంగూర పచ్చడి, కారప్పొడి, సున్నుండలు పోగా మిగిలిన జాగాలో అమ్మ చీరలు ఎన్ని పడతాయి? పిల్లకు అమ్మ కావాలి, అమ్మ చేతి పచ్చడి కావాలి. అమ్మ ఎన్నడూ కట్టని చీర మీద ఆ పిల్లకు ఏ జ్ఞాపకముంటుంది? ఏ పండగనాడూ ఆ కుచ్చిళ్లు పట్టుకుని వేలాడలేదు, ఆ కొంగులో మొహం తుడుచుకోలేదు. ఆమెకది కొట్లో చీరలాంటిదే, పైగా మడత దగ్గర చిట్లింది.

ఇంతకీ అరవై దాటినవాళ్లు ధైర్యం చేసి బీరువా తెరిస్తే ఊరు ఊరుకుంటుందా? గద్వాల చీర కట్టి కూరల కొట్టుకు వెళితే, "ఏంటొదినా, ఎవరిది పెళ్లి?" అని ఆరా. పెద్దాయన పట్టుపంచె కట్టుకుని పార్కుకెళితే ముసలోడికి దసరా పండగని గుసగుస. భర్త పోయినావిడ అంచు మెరిసే చీర కడితే ఆ గుసగుసకు గొంతొస్తుంది. బిడ్డలకు పెళ్లిళ్లు చేసి, అప్పులు తీర్చి, ఇల్లు కట్టిన మనిషి తన సొత్తు తను అనుభవించడానికి వీధి అనుమతి తెచ్చుకోవాలి. ఇదే వీధి ఆ మనిషి పోయిన రోజున వచ్చి, "పాపం, ఏ సుఖమూ పడకుండానే వెళ్లిపోయింది" అని ముక్కు చీదుతుంది. పడనిచ్చిందెవరట?

అందుకని అరవై దాటిన సోదర సోదరీమణులారా, పండితులు కాదన్నా సరే, ఈ మంగళవారమే మంచిరోజు. వెండి కంచంలో పెరుగన్నం కలుపుకోండి, నంజుకు మాగాయ వేసుకోండి. మిక్సీ తిరుగుతుండగా వెంకటగిరి చీర కట్టుకోండి. పోపు చిట్లి పడితే పడింది, చాకలాయనకు పని. రత్నం పెన్నులో సిరా పోసి పాలపద్దు రాయండి. డిన్నర్ సెట్టు ప్లేటు ఒకటి పగిలిందా? మిగిలిన అయిదింటికి స్వేచ్ఛ వచ్చింది. సెట్టు చెడింది కాబట్టి ఇక వాటిని దాచే పుణ్యాత్ములెవరూ ఉండరు.

ఇంత చెప్పినా పక్కింటి పిన్నిగారికి ఒక సందేహం మిగిలిపోయింది.

"మంచివన్నీ మనమే వాడేస్తే, రేపు చుట్టాలొస్తే ఎందులో పెడతాం నాయనా?"

స్టీలు కంచంలో పెట్టండి పిన్నీ. వెండి కంచం వాళ్లకూ ఉంది, వాళ్ల బీరువాలో.