కండక్టరు నడక నడవండి బాబాయ్

ఫ్రేమింగ్‌హామ్, మసాచుసెట్స్

బాబాయి గారికి,

ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరు క్షేమమని తలుస్తాను అని రాయడం ఆనవాయితీ. కానీ నిన్న పిన్ని ఫోన్ చేసింది కాబట్టి అలా తలిచే వీలు లేకుండా పోయింది. డాక్టరు రోజూ అరగంట నడవమంటే, మీరు టిఫిన్ సెంటరు దాకా నడిచి, పెసరట్టు ఉప్మా రెండు ప్లేట్లు లాగించి, ఆటోలో ఇంటికొస్తున్నారట. ఫోన్లో అడిగితే సిగ్నల్ లేదంటారని ఉత్తరం రాస్తున్నాను. పిన్ని పైకి చదివి వినిపిస్తుంది.

పెద్దవారికి చెప్పేంతటి వాడివయ్యావా అంటారేమో. ఆ అర్హత నాకు వయసు వల్ల రాలేదు, ఊరి వల్ల వచ్చింది. గుండె డాక్టర్లకి మా ఊరి పేరు బాగా తెలుసు. ఎందుకో చెప్తాను. 1945లో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ మెదడులో రక్తస్రావమై పోయారు. ఆ రోజు ఆయన బీపీ 300/190. వయసుతో పాటు బీపీ పెరగడం మామూలేనని అప్పట్లో చాలామంది డాక్టర్లు అనుకునేవారు. మీరు ఇప్పటికీ అనుకుంటున్నారు. అసలు సంగతి తేల్చడానికి 1948లో ఈ ఊళ్లో 5,209 మందిని ఎంచుకుని, రెండేళ్లకోసారి పరీక్ష చేస్తూ, ఎవరికి గుండెపోటొస్తుందో, ఎందుకొస్తుందో రాసుకుంటూ వచ్చారు. సిగరెట్టు, బీపీ, కొలెస్టరాల్, కదలకుండా కూర్చోవడం, వీటి గుట్టు చాలామటుకు ఆ రాతల్లోనే బయటపడింది. 1971లో వాళ్ల పిల్లల్ని, 2002లో మనవల్ని చేర్చుకున్నారు. మన ఊళ్లో ఒకప్పటి కరణీకంలా ఇక్కడ బీపీ చూపించుకోవడం వంశపారంపర్యం.

ఇక మీ బస్సు డ్రైవర్ల డిపార్ట్‌మెంటు సంగతి. లండన్‌లో జెర్రీ మోరిస్ అనే డాక్టరు రెండంతస్తుల బస్సుల డ్రైవర్లనీ కండక్టర్లనీ పోల్చి చూసి 1953లో ప్రకటించాడు. డ్రైవరు డ్యూటీ అంతా సీట్లోనే. కండక్టరు రోజుకి 500 నుంచి 750 మెట్లెక్కేవాడు. ఇద్దరిలో గుండెపోట్లు ఎక్కువగా వచ్చింది డ్రైవర్లకే. ఆయన అంతటితో ఆగలేదు బాబాయ్. కంపెనీ కుట్టించిన యూనిఫాం ప్యాంట్ల నడుము కొలతలు కూడా బయటికి తీయించాడు. అందులోనూ డ్రైవర్లే లావు. మీ ఖాకీ ప్యాంటు కుట్లు ఎన్నిసార్లు విప్పించారో పిన్నికి గుర్తుండే ఉంటుంది, చదవడం ఆపి చెప్పమనండి.

మన పల్లెవెలుగు బస్సుకి మేడ లేదంటారు. నిజమే. సంక్రాంతి రద్దీలో టిక్కెట్లు కొడుతూ ముందు నుంచి వెనక్కి ఈదుకుంటూ పోవడం ఏ మేడ మెట్లకీ తీసిపోదు. మీతో నరసాపురం సర్వీసు చేసిన కండక్టరు గారు ఇప్పటికీ సైకిలు తొక్కుతున్నారు. మీరేమో స్కూటరు మీద ఆయన్ని దాటిపోతూ ‘పాపం’ అంటున్నారు. ఆ మోరిస్ గారు 2009లో పోయారు, 99 ఏళ్లకి.

మొన్న నేనూ డాక్టరుకి చూపించుకున్నాను. సిగరెట్టా? లేదు. మందా? లేదు. డాక్టరమ్మ మెచ్చుకుంటుందనుకునే లోపు ‘సౌత్ ఏషియన్’ అన్న గడిలో టిక్కు పెట్టింది. 2018 నాటి అమెరికా కొలెస్టరాల్ మార్గదర్శకాల ప్రకారం మన దేశాల వాళ్లుగా పుట్టడం కూడా ముప్పు పెంచే కారణమేనట. గోదావరి జిల్లా వాళ్లమండీ అన్నా తగ్గింపు ఇవ్వలేదు. మన మగవాళ్ల నడుము 90 సెంటీమీటర్లు దాటకూడదంటూ టేపు తీసింది. ఊపిరి బిగబట్టాను. నేను వదిలేదాకా ఆవిడ తీరిగ్గా నిలబడింది.

వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవాలి, రెండు రోజులు బరువులెత్తాలి, ఇదీ లెక్క. చురుగ్గా అంటే మాట్లాడగలగాలి గానీ పాట పాడలేకపోవాలి. మీరు పద్యానికి రాగం తీస్తూ నడుస్తున్నారంటే అది నడక కాదు, ఊరేగింపు.

ఇక్కడ మోకాటి లోతు మంచు పడ్డ రోజుల్లో పెద్దవాళ్లు షాపింగ్ మాల్ లోపల నడుస్తారు. ఏమీ కొనకుండా! మీ కోడలితో వెళ్లినప్పుడు నాకు గుండె ఎక్కువగా కొట్టుకునేది నడక వల్ల కాదు. ఏప్రిల్ మూడో సోమవారం బోస్టన్ మారథాన్ మా ఊరి మీదుగానే పోతుంది. 42 కిలోమీటర్ల పై చిలుకు. 80 ఏళ్లు దాటినవాళ్లకి కూడా ఇంత సమయంలో పరుగెడితేనే రానిస్తామని వేరే వరస ఉంది. మీరు వాళ్ల ముందు కుర్రకారు. కాలవ గట్టు మీద అరగంట నడవలేరా? కుక్కలున్నాయంటే చేతికర్ర పట్టుకెళ్లండి. మోకాళ్ల నొప్పంటే సైకిలు తొక్కండి, కండక్టరు గారు తోడొస్తారు.

ఉప్పు సంగతి రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకి 5 గ్రాముల లోపే అంటుంది, అంటే ఒక చిన్న చెంచా. మీకు ఆ చెంచా పెరుగన్నంలో మాగాయతోనే సగం అయిపోతుంది. పిన్ని పంపిన మాగాయ డబ్బాని మీ కోడలు నగల పక్కన పెట్టి తాళం వేసింది. పిన్నీ, నువ్వూ వెయ్యి. పప్పు, ఆకుకూర, చేపల పులుసు ఎవరూ వద్దనలేదు. అన్నం కొండనే కాస్త చదును చేయమంటున్నారు.

బీపీ మాత్ర ‘ఇప్పుడు బాగానే ఉంది కదా’ అని మానేయకండి. ఆ బాగుండడం దాని వల్లే. నడక పెంచే ముందు ఒకసారి డాక్టరుకి చూపించుకోండి. ఛాతీ పట్టేసినట్టున్నా, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకినా, చెమటలు పట్టినా, గ్యాసని సోడా కొట్టించుకుని పడుకోకండి. వెంటనే 108కి ఫోన్ చేయించండి. ముప్పై ఏళ్లు బస్సు నడిపానని చెప్పి ఆసుపత్రికి స్కూటరు మీరే తోలుకెళ్లకండి. ఆ ఒక్క రోజుకి ప్యాసింజరుగా కూర్చోండి.

ఇట్లు,
మీ అన్నయ్య గారబ్బాయి